ట్రాక్టరుకి ట్రక్కు క్షేమంగా తగిలించడం: హుక్కు, పిన్ను, బరువు గురించి



ఎప్పుడూ జీవామృతం, ఘనజీవామృతం, కషాయాల గురించి మాట్లాడుకుంటాం కదండీ. ఈసారి వాటిని చేలోకి మోసుకెళ్ళే ట్రక్కు గురించి. మన గోదావరి వైపు ట్రక్కు అంటాం, మిగతా చోట్ల ట్రాలీ అంటారు. ప్రకృతి వ్యవసాయంలో మందు డబ్బాల మోత తగ్గింది గానీ బరువుల మోత పెరిగింది. యూరియా బస్తా సైకిల్ మీద వెళ్ళిపోయేది. పశువుల ఎరువు, ఆచ్ఛాదనకి గడ్డి, జీవామృతం డ్రమ్ములు అలా వెళ్ళవు కదా. ఏడాదిలో మన ట్రాక్టరు దున్నే రోజుల కంటే ట్రక్కు లాగే రోజులే ఎక్కువ.

ఈ వీడియో చేయడానికి కారణం ఒక ప్రశ్న. విదేశాల వీడియోల్లో రైతులు పికప్ వ్యాను డెక్కు మధ్యలో ఒక ఇనుప పళ్ళెం బిగించి, దానికి పెద్ద పెద్ద ట్రైలర్లు తగిలించి పశువుల్ని, గడ్డి మోపుల్ని లాగేస్తుంటారు. "మా పికప్‌కి కూడా అది పెట్టించొచ్చా అండీ, ట్రాక్టరు కిరాయి మిగులుతుంది" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. దానికి జవాబు ముందు చెప్పి అసలు విషయంలోకి వస్తాను.

ఆ పళ్ళెం లాంటిదాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు, అంటే ఐదో చక్రం. పూర్వం నాలుగు చక్రాల గుర్రపు బళ్ళలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి ఇరుసు పైన పడుకోబెట్టిన చక్రం ఒకటి ఉండేది. ఆ పేరే మిగిలింది. కాకినాడ పోర్టు రోడ్డులో పొడుగాటి ట్రైలర్ లారీలు చూస్తారు కదా, వాటి ఇంజను భాగం వెనక గ్రీజు పూసిన నల్లటి పళ్ళెం ఉంటుంది, అదే. ట్రైలరు కింద ఉన్న లావుపాటి మేకు ఆ పళ్ళెం గాడిలోకి దూరి దవడల మధ్య ఇరుక్కుంటుంది. దాని గొప్పంతా ఒక్కచోట ఉంది. బరువు వాహనం తోక మీద పడకుండా, వెనక ఇరుసుకి సరిగ్గా పైన గానీ, కొంచెం ముందు గానీ పడుతుంది. అందుకని ముందు చక్రాలు తేలిపోవు, ట్రైలరు తోకలా ఊగదు.

మరి మన పికప్‌కి పెట్టొచ్చా? వద్దండి. ఆ పద్ధతిలో ట్రైలరు మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం వరకూ వాహనం మీద పడుతుంది. 3 టన్నుల ట్రైలరు అనుకుంటే 450 నుంచి 750 కిలోలు ఒకే చోట కూర్చుంటాయి. మన డెక్కు రేకు దాన్ని ఆపలేదు. ఛాసిస్‌కే బిగించాలి, అదీ ఛాసిస్ దూలం పై అంచుకీ కింది అంచుకీ రంధ్రాలు పెట్టకుండా. కిందనే బ్రేకు పైపులు, డీజిలు ట్యాంకు ఉంటాయి. ఆ బరువుని ఆపే బ్రేకులు ట్రైలరుకి విడిగా ఉండాలి. వీటన్నిటికీ మించి, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలు మారిపోయేలా బండిని మన ఇష్టానికి మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే. కాబట్టి ఆ ఆలోచన వదిలేయండి. అయితే ఆ పళ్ళెం వెనకున్న లెక్క మాత్రం మన ట్రాక్టరు హుక్కుకీ వర్తిస్తుంది. దాన్ని పట్టుకుందాం.

ఎడ్లబండి కట్టినవాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. మా తాతయ్య బస్తాలు వేసేటప్పుడు కాడి దగ్గర నిలబడి నొగల్ని చేత్తో పైకి ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేస్తే వెనక బరువు ఎక్కువైందని రెండు బస్తాలు ముందుకి జరిపించేవాడు. అసలు లేవకపోతే ముందు బరువు, ఎద్దుల మెడలు కుంగిపోతాయని వెనక్కి జరిపించేవాడు. వెనక బరువు బండి పుంతలో ఎత్తెక్కితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకి పలుపు బిగుస్తుంది. రెండు చక్రాల ట్రక్కూ అంతే. కాకపోతే ట్రాక్టరు గొంతు బిగిసినా అరవదు.

ఒక మామూలు రెండు చక్రాల ట్రక్కు తీసుకుందాం. తొట్టి పొడవు 11 అడుగులు. ముందు తలుపు నుంచి ఇరుసు 6 అడుగుల దూరంలో ఉంది. ముందు తలుపు నుంచి హుక్కు రింగు వరకూ ఇంకో 4 అడుగులు. అంటే రింగు నుంచి ఇరుసుకి 10 అడుగులు. ఇందులో 3 టన్నుల ఎరువు పోశాం. ఆ బరువు నడిమి భాగం ఇరుసుకి ఒక అడుగు ముందుంటే, 3000 ని ఒకటితో హెచ్చించి 10 తో భాగిస్తే 300 కిలోలు హుక్కు మీద పడతాయి. ఇది మంచిదే. ట్రాక్టరు వెనక చక్రాలకి పట్టు దొరుకుతుంది, తడి గట్టు మీద జారవు. అదే రెండు అడుగులు ముందుంటే 600 కిలోలు. ఇరుసుకి ఒక అడుగు వెనక్కి పోతే? 300 కిలోలు హుక్కుని పైకి ఎత్తుతాయి. రింగు పిన్నుని పైకి తోస్తూ ఉంటుంది. పిన్నుకి క్లిప్పు లేకపోతే గతుకు పడ్డ చోట ఎగిరిపోతుంది.

తొట్టంతా సమంగా నింపితే పై కొలతల్లో నడిమి భాగం ఇరుసుకి అర అడుగు ముందుంటుంది, హుక్కు మీద 150 కిలోలు. పరవాలేదు. కానీ సమంగా నింపేదెవరు? మకాం దగ్గర కూలీలు వెనక తలుపు వైపు నుంచే గంపలు పోస్తారు, కుప్ప అక్కడే లేస్తుంది. దించేటప్పుడు ఇంకో తంటా. ముందు వైపు నుంచి దించేస్తే మిగిలినదంతా వెనక్కే ఉండిపోతుంది. ఆ సగం ఖాళీ ట్రక్కుని ఇంకో చేలోకి తీసుకెళ్దామని కదిపితే అదే అన్నిటికంటే ప్రమాదం. దించడం ఎప్పుడూ వెనక నుంచి మొదలుపెట్టండి.

నా సంగతి చెప్తాను. నాలుగేళ్ళ క్రితం, సార్వాకి ముందు, ఎండాకాలంలో ఎరువు తోలుతున్నాం. అసలు పిన్ను ఎక్కడో పడిపోయింది. వెతికే ఓపిక లేక షెడ్డులో దొరికిన పొడుగు బోల్టు ఒకటి నేనే దింపాను. లావు సరిపోలేదు, రింగులో లొడలొడ ఆడుతోంది. కింద క్లిప్పు పెట్టడానికి కంతా లేదు. "సాయంత్రం కొత్తది తెచ్చేద్దాం" అనుకున్నాను. మూడు లోడ్లు బాగానే వెళ్ళాయి. నాలుగోది పుంత నుంచి కాలువ గట్టు ఎక్కేటప్పుడు బోల్టు పైకి లేచి ఊడింది. ట్రక్కు వెనక్కి దొర్లింది, రింగు కొస మట్టిలో దిగబడి తొట్టి పక్కకి ఒరిగింది. పైన ఎరువు మీద కూర్చున్న కుర్రాడు దూకేశాడు. మడమ విరిగింది. మూడు నెలలు మంచం మీదే. కాలువ అటువైపు ఉంది, ఇటు ఒరిగింది కాబట్టి అంతటితో పోయింది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "ఆ పిన్ను ఎంతుంటుందండీ?" అని మాత్రం అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఆ కుర్రాణ్ణి ట్రక్కు మీద ఎక్కనిచ్చిందీ నేనే, బోల్టు పెట్టిందీ నేనే.

అప్పటి నుంచి నేను చేసే పద్ధతి వీడియోలో చూపించాను. ఇక్కడ మాటల్లో చెప్తాను.

ముందు హుక్కు. మన ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించే హుక్కు పెట్టె బోల్టులతో బిగించి ఉంటుంది, కంపెనీ ఇచ్చిన చోటే ఉండాలి. వెల్డింగు షాపులో దాన్ని పైకి జరిపించి అతికించుకోవడం కొన్ని ఊళ్ళలో చూశాను, ట్రక్కు రింగు ఎత్తుకి కలవడం లేదని. రెండు కారణాల వల్ల అది పెద్ద తప్పు. ట్రాక్టరు వెనక పెట్టె పోత ఇనుము. దాని మీద మామూలు వెల్డింగు చేస్తే చల్లారేటప్పుడే సన్నని బీట పుడుతుంది, కంటికి కనపడదు. రెండోది, లాగే చోటు పైకి వెళ్ళేకొద్దీ ముందు చక్రాలు తేలుతాయి. ఎత్తు కలవకపోతే ట్రక్కు చట్రాన్నే సరిచేయించుకోండి, ట్రాక్టరుని కాదు.

హుక్కు పెట్టె బోల్టుల తల మీద అంకెలు చూడండి. 8.8 అని గానీ 10.9 అని గానీ ఉండాలి. అది ఉక్కు బలం గుర్తు. ఏ అంకే లేని బోల్టు గేటుకి పనికొస్తుంది, హుక్కుకి కాదు. కొత్తగా బిగించాక ఒక రోజు పని చేసి మళ్ళీ పానాతో బిగించి చూడాలి, మొదట్లో కొంచెం వదులవుతాయి.

పిన్ను రింగు కంతకి దగ్గరగా సరిపోవాలి. ఎక్కువ ఆట ఉంటే కదిలినప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా సమ్మెట దెబ్బ తగిలినట్టు తగిలి అరిగిపోతుంది. చేత్తో తడిమితే మధ్యలో నడుము సన్నబడినట్టు తెలుస్తుంది. అలా తెలిసిన రోజే మార్చేయండి. రింగు కూడా లోపలి వైపు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. పిన్ను పైనుంచి కిందకి దింపి కింద క్లిప్పు పెట్టాలి. బండి చక్రానికి కడచీల ఎంతో పిన్నుకి క్లిప్పు అంత. రెండు టీల ఖరీదు ఉండదు. టూల్ బాక్సులో అదనంగా నాలుగు పడేయండి, చిన్న గొలుసుతో హుక్కుకే కట్టేస్తే ఇంకా మంచిది. దీనికి తోడు, ట్రక్కు చట్రం నుంచి ట్రాక్టరుకి ఒక గట్టి గొలుసు వదులుగా వేయండి. పిన్ను ఊడినా ట్రక్కు వదిలి వెళ్ళిపోదు. మలుపు తిరిగేంత వదులు ఉండాలి, నేలకి రాసుకునేంత ఉండకూడదు.

ఇక తగిలించడం. ఇక్కడే ఎక్కువ మంది నలిగిపోయేది. ట్రాక్టరు రివర్సులో వస్తుంటే ఒకడు ట్రక్కు ముందు నిలబడి రింగు ఎత్తి పట్టుకుంటాడు, "రా, రా, ఇంకొంచెం" అంటూ. క్లచ్ మీద కాలు జారితే ఆ మనిషి రెండు ఇనుముల మధ్య. రింగుని మనిషి ఎత్తి పట్టుకోకూడదండి, దానికి స్టాండు ఉండాలి. చేత్తో తిప్పే జాకీ స్టాండు వెల్డింగు షాపులోనే బిగిస్తారు. అది ట్రక్కు చట్రానికి కాబట్టి చేయించుకోవచ్చు. ముందు ట్రక్కు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. పక్కన నిలబడి చేత్తో సైగ చేసేవాడు డ్రైవరుకి కనపడేచోట ఉండాలి. హుక్కు రింగుకి ఎదురుగా వచ్చాక బండి ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజను ఆపేసి, అప్పుడు దిగి పిన్ను దింపాలి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

ట్రైలర్ లారీ డ్రైవర్ల దగ్గర ఒక మంచి అలవాటుంది. తగిలించాక ట్రైలరు బ్రేకు పట్టి ఉంచి ఇంజనుని మెల్లగా ముందుకి లాగి చూస్తారు, దవడలు పట్టాయా లేదా అని. ఆ తరవాత దిగి కళ్ళతో కూడా చూస్తారు. మనమూ దిమ్మలు తీయకుండానే ఒకసారి మెల్లగా ముందుకి లాగి, ఆపి, దిగి, పిన్నూ క్లిప్పూ చూసి, అప్పుడు దిమ్మలు తీయాలి.

ఇప్పుడు గట్టు ఎక్కే లెక్క. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1852 నాటికి. అప్పటి నుంచీ కాలువలే మన బతుకు, కాలువ గట్లే మన రోడ్లు. చేలు పల్లంలో, గట్టు ఎత్తులో. ప్రతి లోడూ ఒక ఎత్తు ఎక్కాలి లేదా దిగాలి.

ట్రాక్టరు 2 టన్నులనుకోండి. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద దాదాపు 700 కిలోలుంటాయి. స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు బరువులో అయిదో వంతైనా, అంటే 400 కిలోలు ముందు ఉండాలి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఆరున్నర అడుగులు, హుక్కు వెనక ఇరుసుకి 2 అడుగుల వెనక. హుక్కు మీద 600 కిలోలు పడితే ముందు నుంచి 185 కిలోలు తేలిపోతాయి. మిగిలింది 515. ఇప్పుడు ఎనిమిది అడుగులకి ఒక అడుగు లేచే బాట ఎక్కుతున్నాం. ట్రక్కుతో కలిపి 4 టన్నులు లాగాలంటే 650 కిలోల దాకా లాగుడు కావాలి. హుక్కు నేలకి 2 అడుగుల ఎత్తులో ఉంటే ఈ లాగుడుకే ఇంకో 200 పోతాయి. ట్రాక్టరే వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఇంకో 80, 90. చివరికి ముందు చక్రాల మీద మిగిలేది పావు టన్ను లోపు. స్టీరింగు తిప్పినా బండి తిరగదు. గట్టు మీదకి రాగానే మలుపు, అవతల కాలువ. హుక్కుని మూడు అడుగుల ఎత్తుకి జరిపించినవాడికి ఆ మిగిలినదీ సగానికి పడిపోతుంది. హుక్కు మీద బరువు 300 కి తగ్గించినా, నేను వేసి చూశాను, ఇలాంటి బాటలో 400 కి చేరదు. కాబట్టి నిటారు బాటలో 3 టన్నులు వద్దు, రెండు సార్లు తోలండి. ముందు బంపరు దగ్గర వేసే కంపెనీ బరువు బిళ్ళలు పెట్టుకుంటే మంచిదే, కానీ అవి ఉన్నాయి కదా అని లోడు పెంచేవాళ్ళని కూడా చూశాను.

దిగేటప్పుడు కష్టం తిరగబడుతుంది. మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులుండవు, 4 టన్నుల్నీ ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. దిగే ముందే చిన్న గేరు వేసుకోండి, దిగుతూ క్లచ్ తొక్కొద్దు, న్యూట్రల్ మాట తలపెట్టొద్దు. దమ్ములో విడివిడిగా వాడే కుడి ఎడమ బ్రేకు పెడళ్ళని కలిపే కొక్కీ ఉంటుంది కదా, ట్రక్కు తగిలించే ముందే అది వేయాలి. దమ్ము చేసి అలాగే వచ్చేసి, ఒక పెడలే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకి తిరిగిపోతుంది, వెనక నుంచి ట్రక్కు తోసేస్తుంది. నాలుగు చక్రాల ట్రక్కు అయితే హుక్కు మీద బరువు పడదు, ఆ సుఖం ఉంది. కానీ దాని ముందు ఇరుసు తిరిగే పళ్ళెం, అంటే ఇందాక చెప్పిన పాతకాలపు ఐదో చక్రమే, గ్రీజు లేక బిగుసుకుపోతే మలుపులో మొండికేస్తుంది. రివర్సు కూడా దానితో కష్టం.

జీవామృతం తోలేవాళ్ళకి ఒక మాట. ఎకరానికి 200 లీటర్లు, అయిదెకరాలకి 1000 లీటర్లు, అంటే టన్ను. గడ్డిలాగా ఇది నిలబడి ఉండే బరువు కాదు. సగం నింపిన పెద్ద ట్యాంకు కంటే నిండుగా ఉన్న 200 లీటర్ల డ్రమ్ములు అయిదు నయం. సగం ట్యాంకులో నీరు ఎత్తెక్కేటప్పుడు మొత్తం వెనక్కి, బ్రేకు వేస్తే మొత్తం ముందుకి పరిగెడుతుంది. ఇందాక లెక్కలో ఇరుసుకి అడుగు ముందున్న బరువు ఒక్క క్షణంలో అడుగు వెనక ఉంటుంది. డ్రమ్ముల్ని ఇరుసు మీద, కాస్త ముందుకి, మోకుతో కట్టండి. మూత మరీ బిగించొద్దు, పులుస్తున్న సరుకు కదా, గాలి పోవాలి. ఎండుగడ్డి బరువు తక్కువే గానీ ఎత్తు ఎక్కువ, గట్టు అంచు కుంగితే చాలు ఒరిగిపోతుంది. పక్కలకి వెడల్పుగా వేసి ఎత్తు తగ్గించండి.

మనుషుల్ని మాత్రం ట్రక్కులో ఎక్కించొద్దు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పది మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది ఆడవాళ్ళే. నాట్లకి, కోతలకి మన దగ్గరా ఇలాగే తీసుకెళ్తాం. ఆటో మాట్లాడండి, ఆ ఖర్చు మనదే అనుకోండి.

చివరగా, చేలో కూరుకుపోతే ఏం చేయాలన్నది. చాలా మంది వెనక చక్రాల ముందు దుంగ అడ్డం పెట్టి, లేదా చక్రానికే వాసం కట్టి, గేరు వేసి రేజ్ చేస్తారు. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఊరుకోదు, ట్రాక్టరు శరీరాన్నే ఇరుసు చుట్టూ పైకి తిప్పుతుంది. ముందు భాగం లేచి డ్రైవరు మీదకి తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, క్లచ్ తొక్కే లోపే అయిపోతుంది. టాప్ లింకు దగ్గర గొలుసు కట్టి లాగినా అదే జరుగుతుంది. ముందు ట్రక్కు పిన్ను తీసేసి విడదీయండి. చక్రాల వెనక మట్టి తవ్వి, వచ్చిన దారినే రివర్సులో మెల్లగా రండి. రాకపోతే ఇంజను ఆపేసి ఇంకో ట్రాక్టరుని పిలవండి. గొలుసు ఆ ట్రాక్టరుకి కింది హుక్కుకే కట్టాలి, మనుషులు గొలుసు పొడవుకి రెండింతల దూరంలో ఉండాలి. బయటికి వచ్చాక ట్రక్కుని ఖాళీ చేసి లాగడమే. ఎరువు రేపు మళ్ళీ ఎత్తుకోవచ్చు.